అడుగోటి కుండ, కొత్త కుండ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే దారిలో ఉన్నాయి. కలిపి జవాబు రాస్తున్నాను. మొదటిదానికే చోటంతా పోయింది, మిగతా ఇద్దరూ ఏమనుకోవద్దు.

ప్రశ్న: అయ్యా, మా అల్లుడు అమెరికాలో డల్లాస్‌లో ఉంటాడు. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో రాజకీయాల మీదికి మాట పోయింది. "2008లో ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ సారా పేలిన్ నోరు జారితే నెలల తరబడి నవ్వినారు. అదే పదవికి ఆమెకు ఎదురు నిలబడ్డ జో బైడెన్ అంతకంటే పెద్ద తప్పు మాట్లాడితే, పెద్దాయన అంతేలే అని వదిలేసినారు. ఇదేం న్యాయం మామా?" అన్నాడు. మన దగ్గరా అంతేలే అన్నాను గానీ విడమరచి చెప్పలేకపోయాను. నిజంగానే ఒక్కో అభ్యర్థికి ఒక్కో కొలత ఉందా? మీరు పేపర్లో పనిచేసినవారు. దాచకుండా చెప్పండి.
(రిటైర్డ్ తెలుగు టీచర్, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: మాస్టారూ, దాచకుండా అన్నారు గనక నా తప్పుతోనే మొదలుపెడతాను.

1999 ఎన్నికల ప్రచారం రోజులు. తిరుపతిలో నేనొక దినపత్రికకు విలేకరిని. ఒకే సాయంత్రం రెండు మీటింగులు. మొదటిది నాలుగు కాళ్ల మండపం దగ్గర. ఆ అభ్యర్థి లాయరు, మాటకారి, మధ్యలో ఒక పద్యం వదిలితే జనం ఈల వేసేవాళ్లు. ఆ రోజు గొంతు బొంగురుపోయి ఉంది. చివర్లో చెయ్యెత్తి, "మీ కష్టాలు తీర్చేదాకా నేను నిద్రపోతాను" అన్నాడు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు ముఖాలు చూసుకున్నారు. ఆయన గమనించలేదు, దండం పెట్టి జీపెక్కేశాడు.

రెండోది రాత్రి తొమ్మిదింటికి లీలామహల్ సెంటర్లో. ఈయన కాంట్రాక్టరు, చంద్రగిరి వైపు పల్లెటూరి మనిషి, ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడు. "ఈ ఊర్లో ఉండే అవినీతినంతా అంతం చేస్తా" అనబోయాడు. "అవినీతినంతా చేస్తా" అని వచ్చింది. మీరు తెలుగు పంతులు గనక పట్టేస్తారు: 'అంతా' పక్కనే 'అంతం' వచ్చింది, నాలుక ఒకదాన్ని మింగేసింది. గబగబా నాలుగుసార్లు అని చూడండి, మీకూ జారుతుంది.

రాత్రి పదిన్నరకు ఫ్యాక్స్ ముందు కూర్చున్నా. మొదటి వార్తలో "ప్రజల కష్టాలు తీర్చేదాకా నిద్రపోనని ప్రకటించారు" అని రాశాను. కావాలని రాసింది కాదు, కలం దానంతటదే సరిచేసుకుంది. రెండో ఆయన మాట మాత్రం విడిగా తీసి, "అవినీతంతా నేనే చేస్తా!" అని శీర్షిక పెట్టి, చుట్టూ స్కేలుతో రెండు గీతలు గీసి బాక్స్ ఐటమ్‌గా పంపాను. 'నేనే' అన్న మాట ఆయన అననే లేదు, నేను తగిలించిందే. డెస్కు నుంచి ఫోనొచ్చింది. "భలే ఉంది, ఇట్లాంటివి ఇంకేమన్నా ఉంటే పంపు" అన్నారు.

నాకెవరూ పైసా ఇవ్వలేదు. ఇట్లా రాయమని ఎవరూ చెప్పలేదు. ఇంకో సంగతి చెబితే నవ్వుతారు, ఆ ఎన్నికల్లో నేను ఓటేసింది ఆ రెండో ఆయనకే.

అందుకే మీ అల్లుడి మాటను సగమే ఒప్పుకుంటాను. మనవాడు, పరాయివాడు అన్న తేడా ఉంది, కాదనను. దానికంటే ముందు ఇంకొకటి ఉంది. ఆ మనిషి గురించి మన బుర్రలో అప్పటికే ఒక బొమ్మ ఉంటుంది. జారిన మాట ఆ బొమ్మకు అతికితే నిలబడుతుంది, అతకకపోతే రాలిపోతుంది. లాయరు గారి బొమ్మలో తడబాటు లేదు, అందుకని నా చెవి దాన్ని పక్కన పడేసింది. కాంట్రాక్టరు బొమ్మలో 'చదువు లేదు', 'కాంట్రాక్టరు' అని రెండూ ముందే రాసి ఉన్నాయి. అవినీతి అన్న మాట తగిలితే ఇంకేం కావాలి! మా అమ్మ అనేది, "అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ" అని. కుండలు రెండూ ఒకే కుమ్మరి చేసినవే.

అమెరికా సంగతి చూద్దాం. "మా ఇంట్లోంచి రష్యా కనిపిస్తుంది" అని సారా పేలిన్ అన్నదని లోకమంతా నమ్ముతుంది. ఆ మాట ఆమెది కాదు. టీవీ హాస్య కార్యక్రమంలో ఆమె వేషం కట్టిన నటిది. అప్పటి అలాస్కా గవర్నరు పేలిన్ అన్నది, తన రాష్ట్రంలోని ఒక దీవి నుంచి రష్యా భూమి కనిపిస్తుందని. అది నిజమే, అక్కడ అమెరికా దీవికీ రష్యా దీవికీ మధ్య ఉండేది నాలుగు కిలోమీటర్ల లోపు నీళ్లు. అదే 2008 సెప్టెంబరులో బైడెన్ ఒక టీవీ ఇంటర్వ్యూలో, స్టాక్ మార్కెట్ కుప్పకూలినప్పుడు రూజ్వెల్ట్ టీవీలోకి వచ్చి జనానికి వివరించాడన్నాడు. 1929లో కుప్పకూలినప్పుడు అధ్యక్షుడు హూవర్. రూజ్వెల్ట్ గద్దెనెక్కింది 1933లో. ఇళ్లలో టీవీలు అప్పటికింకా లేనే లేవు. ఒక్క వాక్యంలో రెండు తప్పులు. అది నాలుగు రోజుల ముచ్చటయింది, ఆమె అనని మాట మాత్రం ఇప్పటికీ ఆమె పేరు మీదే నడుస్తోంది. ఆ ఏడాదే ఒబామా తాను 57 రాష్ట్రాలు తిరిగానన్నాడు. ఉన్నవి 50. తెలివైనవాడన్న బొమ్మ ఉంది గనక, అలసిపోయాడులే అనుకున్నారు చాలామంది.

ఇక్కడ పేలిన్‌ను పూర్తిగా వెనకేసుకురాలేను. ఏ పత్రికలు చదువుతారని అడిగితే ఒక్క పేరూ చెప్పలేకపోయింది. దాన్ని నోరు జారడం అనలేం. ఆమె దేశానికి కొత్త ముఖం, బైడెన్ 1973 నుంచి సెనేటర్. కొత్త కోడలి చేతిలో కుండ పగిలితే చప్పుడెక్కువ.

అయితే ఆ బైడెన్‌కే 2024లో ఏమయిందో చూడండి. జులై 11న వాషింగ్టన్‌లో ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీని పక్కన నిలబెట్టుకుని, ఆయన్నే "అధ్యక్షుడు పుతిన్" అన్నాడు. ఆ సాయంత్రమే తన ఉపాధ్యక్షురాలు కమలా హారిస్‌ను "ఉపాధ్యక్షుడు ట్రంప్" అన్నాడు. పది రోజుల్లో పోటీ నుంచి తప్పుకున్నాడు. అంతకుముందు డిబేట్‌లో తడబడ్డదే అసలు కారణం గానీ, ఈ రెండు మాటలూ దానికి తోడయ్యాయి. అదే ఏడాది జనవరిలో ట్రంప్ తన పార్టీలో పోటీదారు నిక్కీ హేలీ పేరునూ, అవతలి పార్టీ నాన్సీ పెలోసీ పేరునూ కలిపేశాడు, అదేమీ ఆయన్ను ఆపలేదు. 2008లోనూ 2024లోనూ బైడెన్ నోరు ఒకటే. మొదటిసారి బొమ్మ 'కలుపుగోలు పెద్దాయన', రెండోసారి 'వయసైపోయిన ముసలాయన'. మీ అల్లుడికి ఈ మాట చెప్పండి. మనిషి మారకపోయినా కొలత మారుతుంది.

మనకూ ఇట్లాంటిదే ఉంది. నారా లోకేశ్ మంత్రి అయిన కొత్తలో, 2017 ఏప్రిల్‌లో, అంబేడ్కర్ జయంతి రోజున ఆయన నోట 'వర్ధంతి' అన్న మాట దొర్లింది. జయంతి, వర్ధంతి మెదడులో ఒకే అరలో పక్కపక్కనే ఉండే మాటలు. పెళ్లిలో చావు మాట ఎత్తొద్దని హెచ్చరిస్తూ తానే ఎత్తేసే మామయ్య ప్రతి ఇంట్లోనూ ఉంటాడు. కానీ 'విదేశాల్లో చదివి వచ్చిన ముఖ్యమంత్రి కొడుకు, తెలుగు రాదు' అన్న బొమ్మ సిద్ధంగా ఉండింది. రెండేళ్లు ఆ క్లిప్ తిరగని ఫోను లేదు. 2019లో మంగళగిరిలో ఓడారు. 2023 జనవరి 27న మన కుప్పంలోనే నడక మొదలుపెట్టారు, 2024లో అదే మంగళగిరిలో 91 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఇప్పుడు మైకు ముందు మాట తడబడినా పాత పేరు పెట్టి పిలిచేవాళ్లు తగ్గారు. నాలుక మారిందా, బొమ్మ మారిందా? రెండూ కొంచెం కొంచెం అనుకుంటాను.

జగన్ ముఖ్యమంత్రిగా 2020 మార్చిలో కరోనా గురించి చెబుతూ పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడర్ అన్నారు. దాన్నీ ఈ గంపలోనే వేస్తారు కొందరు. నేను వెయ్యను. అది నాలుక జారడం కాదు, ఆయన చెప్పదలుచుకున్నదే చెప్పారు. వ్యతిరేకులు దాన్ని తిట్టుగా వాడుకున్నారు, అభిమానులు "డాక్టర్లు జ్వరానికి ఇచ్చింది అదే గదా" అన్నారు. ఆ వాదన ఆ మాటలోని విషయం మీద జరగాలి. నాలుక జారిందా, తెలియక అన్నాడా, మనసులో ఉన్నది బయటపడిందా, ఈ మూడూ వేరు వేరు. 2012లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన మిట్ రోమ్నీ దాతల విందులో, 47 శాతం మంది ఎట్లాగూ తనకు ఓటెయ్యరని, వాళ్లు ప్రభుత్వం మీద ఆధారపడి బతికేవాళ్లని అన్నాడు. అది మూడో రకం. దాన్నీ ఒబామా 57నూ ఒకే తక్కెడలో తూచడం కుదరదు. మన గొడవల్లో సగం ఇక్కడే వస్తాయి. అవతలివాడికి నాలుక జారితే మనసులోది బయటపడిందంటాం. మనవాడి మనసులోది బయటపడితే నాలుక జారిందంటాం.

మొన్న చిత్తూరులో గాంధీ బొమ్మ దగ్గర టీ తాగుతున్నా. ఇద్దరు స్నేహితులు, ఒకతను మోదీ అభిమాని, ఇంకొకతను మోదీ పేరెత్తితే మండిపడేవాడు. ఫోన్లో క్లిప్పులు చూపించుకుంటూ కొట్లాడుకుంటున్నారు. "ఇది నిజం కాదని కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" దాకా వచ్చింది. మా జిల్లాలో అది ఆఖరి మెట్టు, దాని తర్వాత టీ డబ్బులు ఎవరిస్తారన్నదే మిగులుతుంది.

నేను మొదటతన్ని అడిగాను. "తక్షశిలను బిహార్ ఘనతల్లో కలిపేసి, అలెగ్జాండర్ సైన్యాన్ని బిహారీలే ఓడించినారని సభలో చెప్పిన నాయకుడెవరో తెలుసా?"

"ఇంకెవురు సామీ, రాహుల్ గాంధీ." పడీ పడీ నవ్వాడు.

2013 అక్టోబరులో పట్నా సభలో మోదీ అన్నారని చెప్పాను. తక్షశిల ఉన్నది పాకిస్తాన్‌లో, అలెగ్జాండర్ సేన పంజాబ్‌లోని బియాస్ నది దగ్గరే వెనక్కి తిరిగింది. అతను గ్లాసు కింద పెట్టాడు. "అంత పెద్ద మీటింగులో ఒక మాట అటూ ఇటూ అయ్యుంటుందిలే" అన్నాడు.

రెండో అతను చప్పట్లు కొట్టాడు. అతన్నీ అడిగాను. "ఇటు ఆలుగడ్డ వేస్తే అటు బంగారం వచ్చే మిషన్ పెడతానన్నదెవరు?"

"అది రాహులే. నాకు ఆయనంటే ఇష్టమే గానీ, ఆ మాట మాత్రం అన్నాడు. నా ఫోన్లోనే ఉండాది."

అది 2017 నవంబరులో గుజరాత్‌లోని పాటన్ సభ. ఆ మిషన్ మాట మోదీ చెప్పాడని అంటూ రాహుల్ ఎగతాళి చేశాడు. వెంటనే "ఈ మాటలు నావి కావు, మోదీవి" అని కూడా అన్నాడు. ముందు వెనక కోసేసి నడిమి ముక్క ఒక్కటే ఊరూరా తిప్పారు. మోదీ ఆ మాట అన్నారా లేదా అన్నది వేరే తగువు. చూడండి మాస్టారూ, అభిమాని కూడా నమ్మేశాడు. ఆలుగడ్డకూ నాయకులకూ ఏదో పాత పగ ఉన్నట్టుంది. 1992 జూన్‌లో న్యూజెర్సీలోని ట్రెంటన్ బడిలో పన్నెండేళ్ల పిల్లాడు 'పొటాటో' అన్న ఇంగ్లీషు మాటను బోర్డు మీద సరిగ్గానే రాస్తే, అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ చివర్లో ఇంకో అక్షరం పెట్టించాడు. ఆయన చేతిలో ఉన్న కార్డులోనే తప్పుంది. కార్డు రాసినవాళ్ల పేరు ఎవరికీ తెలీదు, క్వేల్ పేరు చెబితే మాత్రం ఇప్పటికీ ఆలుగడ్డే.

యాస సంగతి కూడా ఒక మాట. మా వైపు అభ్యర్థి "వస్తాండా, చేస్తాండా" అంటే పేపర్లో ఉన్నదున్నట్టు కోట్ పెట్టి వేసేవాళ్లం, చదివేవాడు నవ్వుకోవాలని. కృష్ణా జిల్లా నాయకుడొచ్చి "వత్తన్నా, చేత్తన్నా" అంటే "వస్తున్నాను, చేస్తున్నాను" అని సాపు చేసేవాళ్లం. 2024 ఏప్రిల్‌లో సిరిసిల్లలో మాట్లాడిన మాటలకు కేసీఆర్ ప్రచారాన్ని ఎన్నికల సంఘం మే నెలలో 48 గంటలు ఆపింది. స్థానిక యాస అధికారులకు అర్థం కాలేదన్నది సంఘానికి ఆయన ఇచ్చిన జవాబు. ఆ వాదన నిలవలేదు. ఆయనన్న మాటల్ని నేను సమర్థించను గానీ, ఆ జవాబు చదివినప్పుడు నేను సాపు చేసినవీ చెయ్యనివీ అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

ప్రశ్న: నోరు జారినందుకు పదవి పోతుందా సార్?
(లా విద్యార్థి, చిత్తూరు)

జవాబు: జారితే పోదు. అన్నదాన్ని బట్టి పోవచ్చు. మీకు దగ్గరి ఉదాహరణే ఉంది. పలమనేరు, ముళబాగిలు దాటితే కోలారు. 2019 ఏప్రిల్ 13న అక్కడి సభలో రాహుల్ గాంధీ దొంగలందరి ఇంటి పేరూ మోదీయే ఎందుకయిందని అడిగాడు. పరువు నష్టం కేసులో 2023 మార్చి 23న సూరత్ కోర్టు రెండేళ్ల శిక్ష వేసింది, మర్నాడే లోక్‌సభ సభ్యత్వం పోయింది. ప్రజాప్రాతినిధ్య చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం రెండేళ్లు అన్నదే గీత. ఒక్క రోజు తక్కువ పడినా సభ్యత్వం ఉండేది. ఆగస్టు 4న సుప్రీంకోర్టు స్టే ఇచ్చాక తిరిగొచ్చింది.

అంతకు ఏడాది ముందు, 2018 మార్చిలో దావణగెరెలో అమిత్ షా, పక్కన తమ పార్టీ నాయకుడు యడియూరప్ప కూర్చుని ఉండగానే, అవినీతిలో యడియూరప్ప ప్రభుత్వమే నంబర్ వన్ అనేశారు. అనబోయింది అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య పేరు. దానికి కేసెవరు పెడతారు? యడియూరప్ప పెట్టాలి!

ప్రశ్న: నేను వార్డు మెంబరుగా పోటీ చేయాలనుకుంటున్నా. మైకు పట్టుకుంటే చాలు, ఎక్కడ తప్పు దొర్లుతుందా అని ఎదురుగా ఫోన్లు ఎత్తుతారు. నా మొగుడు తడబడితే ఎవరూ పట్టించుకోరు. నా మాట క్లిప్ అయితే కాలేజీకి పోయే నా కూతురికి తలవంపులని టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యాలి?
(ఒక గృహిణి, పుంగనూరు దగ్గరి పల్లె)

జవాబు: అమ్మా, మన రాష్ట్రంలో స్థానిక సంస్థల పదవుల్లో సగం ఆడవాళ్లకని 2011 నుంచీ ఉంది. అయినా మైకు ముందు ఆడమనిషి నిలబడితే పరీక్షకు కూర్చున్న పిల్లను చూసినట్టే చూస్తారు. ఆ చూపును మార్చే మంత్రం నా దగ్గర లేదు. మీటింగులు కవర్ చేసి నేర్చుకున్నవి రెండు చెబుతాను.

కాగితం చూసి చదవొద్దు. చదివేటప్పుడు కన్ను ముందుకు, నోరు వెనక్కి పోయి మధ్యలో మాట జారుతుంది. ఇంట్లో మాట్లాడినట్టే, పొట్టి వాక్యాలు. 'నిద్రపోను', 'వదలను' లాంటి మాటలు చివర్లో పెట్టుకోకండి. అలసిపోయిన నాలుకకు ముందు చిక్కేది ఆ చివరి అక్షరమే. "నీళ్లు తెస్తా" అంటే చాలు. జారిందనుకోండి, అక్కడే "కాదు కాదు" అని మీరే నవ్వి సరైన మాట చెప్పెయ్యండి. మీ నవ్వు అందులో ఉంటే ఆ క్లిప్‌లో పస ఉండదు. పక్కనున్నవాళ్లు చెవిలో గుసగుసలాడితేనే అది బాగా తిరుగుతుంది.

కూతురి సంగతి రాశారు గనక ఇది కూడా చెప్పాలి. బాక్స్ ఐటమ్ రాసిన ఏడెనిమిదేళ్లకు తిరుచానూరు రోడ్డులో ఒక పెళ్లికి పోయాను. పంక్తిలో నా పక్క ఆకు ముందుకు ఆ కాంట్రాక్టరు వచ్చి కూర్చున్నాడు. గుర్తుపట్టాడు. తిట్టలేదు. అన్నం కలుపుకుంటూ, "సామీ, మీరు ఏసిన ముక్కను మా పెద్దపాప బడిలో పిల్లోళ్లు గోడకు అంటిచ్చినారు. మూడు దినాలు బడికి పోలా ఆయమ్మి" అన్నాడు.

నేనేమీ అనలేకపోయాను. ఆయనే మళ్లీ, "ఆ పొద్దు నాలుగు కాళ్ల మండపం కాడ ఆయప్ప 'నిద్రపోతా' అన్నాడంట గదా. మీరు ఆడ్నే ఉండారంట. అది మీకు వినబళ్లేదా?" అని అడిగాడు.

వినబడిందన్నాను. వడ్డించే కుర్రాడు పాయసం గిన్నెతో మా ముందు ఆగాడు. ఆయన తన ఆకులో వద్దని చెయ్యి అడ్డం పెట్టి, నా ఆకు వైపు చూపించాడు.